మూడో దగ్గు

మా ఇంగ్లిషు సారు చనిపోయారన్న సంగతి మంగళవారం పొద్దున, బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో చదివాను. గంటలోపే దండాలు, దీపాలు, పూల బొమ్మలతో ఆ గ్రూపు నిండిపోయింది. ఎవరో ఆయన ఫోటో కూడా పెట్టారు. కుడిచేతిలో ఆకుపచ్చ సిరా కలం. ఎడమచేతిలో మడత నలగని తెల్ల రుమాలు, అదీ కంటి కొసకు ఆనించి ఉంది. ఆ ఫోటో చూస్తే నాకు దుఃఖం రాలేదు. పాచిపోయిన ముద్ద నోట్లో పెట్టుకున్నట్టయింది. కార్యాలయంలో నా బల్ల మీది నీళ్ల సీసా తీసుకుని సగం దాకా తాగాను.

భోజనాల వేళకు సరిత ఫోన్ చేసింది. సరితది పరకాల దగ్గరి పల్లె, రైతు కుటుంబం. పదో తరగతి వరకూ మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం.

“ఏ పిల్లా, గ్రూపు చూసినవా? నివాళి నిన్నే రాయమంటాండ్రు. సారుకు నీ వ్యాసమంటే పానమాయె గదా.”

“నువ్వు రాయరాదు?”

“నేనేం రాయాలె? బతికున్న మా నానమ్మను సంపిండని రాయాల్నా?”

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఒక మనిషి పోయిన రోజున అలా నవ్వినందుకు తర్వాత సిగ్గు వేసింది. ఆ నానమ్మ సంగతి కాస్త ఆగి చెబుతాను.

నివాళి రాయడం నా వల్ల కాదు. ఆయన ఎక్కడ పుట్టారో, ఏం చదివారో, ఎన్ని సన్మానాలు అందుకున్నారో గ్రూపులో ఇతరులు రాసే ఉన్నారు. నాకు గుర్తున్నవి ఆయన వేళ్లు, ఆయన రుమాలు, ఆయన ఆకుపచ్చ సిరా. వాటి గురించి మాత్రం రాయగలను.

మాది కాశిబుగ్గ. దూదేకులవాళ్లం. మా తాత ఇల్లిల్లూ తిరిగి దూది ఏకేవాడు. నాయిన పరుపుల దుకాణం పెట్టాడు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. ప్రవేశ పరీక్ష రాసి, ఫీజు లేని సీటు మీద హనుమకొండ వైపున్న ఒక పెద్ద ఇంగ్లిషు బడిలో చేరాను. మా వీధి పిల్లలు పదయ్యాక ఇంటర్ కాలేజీకి పోతారు. మా బడిలో మాత్రం పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే చదవాలి. పదకొండులో చేరేటప్పుడు ఇంగ్లిషును రెండు రకాల్లో ఒకటిగా ఎంచుకోవాలి. కోర్ ఇంగ్లిషు అంటే ఎక్కువమంది చదివేది. లేఖలు, నోటీసులు, నివేదికలు, కొన్ని పాఠాలు అందులో ఉంటాయి. ఎలెక్టివ్ ఇంగ్లిషు అంటే సాహిత్యం. కవిత్వం, నాటకం, నవల. ఎలెక్టివ్ బోధించేది సారు ఒక్కరే. అందులోకి ఎవరిని తీసుకోవాలో నిర్ణయించేదీ ఆయనే.

ఎలెక్టివ్ తరగతి మూడో అంతస్తులో, మెట్ల పక్కన చిన్న గదిలో జరిగేది. అక్కడ బెంచీలు లేవు. గుండ్రటి బల్ల, దాని చుట్టూ కుర్చీలు. గోడ వారన అద్దాల బీరువా, దాని నిండా నవలలు, దానికొక తాళం. తొమ్మిదో తరగతి నుంచీ నీళ్ల సీసా నింపుకునే నెపంతో నేను ఆ గది ముందు నుంచి నడిచేదాన్ని. కిటికీ దగ్గర కాసేపు ఆగి, అద్దం వెనక వరుసగా నిలబడిన పుస్తకాల పేర్లు తల పక్కకు వంచి చదివేదాన్ని. ఆ తాళంచెవి సారు జేబులోని గుత్తిలో ఉండేది. నాకు కావలసింది ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ. ఆ వయసులో నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

తొమ్మిది, పది తరగతుల్లో మాకు ఇంగ్లిషు చెప్పిందీ సారే. ఎప్పుడూ తెల్ల చొక్కాయే వేసుకునేవారు. ఏ కుర్చీలో కూర్చోబోయినా ముందు రుమాలుతో రెండుసార్లు దులిపేవారు. ఆ రుమాలే మళ్లీ కళ్లకు. కవిత మొదలుపెట్టకముందే అది బయటికి వచ్చేది. ముందు రుమాలు, తర్వాత గద్గదస్వరం, ఆ తర్వాత కవిత. ఏ పంక్తి దగ్గర ఆయన కళ్లు తుడుచుకుంటారో పై తరగతివాళ్లు తమ పాత పుస్తకాల్లో పెన్సిలుతో గుర్తుపెట్టి మాకు ఇచ్చేవారు. పుస్తకం చేతులు మారేది గానీ ఆయన ఏడుపు చోటు మారేది కాదు.

పేజీ తిప్పాలంటే నాలుక బయటపెట్టి చూపుడువేలు దాని మీద రాసేవారు. తన పుస్తకానికీ, మా నోటుపుస్తకాలకీ అదే మర్యాద. పల్లీలు నములుతూ దిద్దడం ఆయన అలవాటు. నోటుపుస్తకం తిరిగి చేతికి వచ్చేసరికి ప్రతి పేజీ మూలా తడిసి, ఎండి, ముడతపడి ఉండేది. ఎక్కడో ఒకచోట పల్లీ పొట్టు అంటుకుని ఉండేది. ఆ మూలలను కత్తెరతో కత్తిరించి గానీ నేను పుస్తకాన్ని సంచిలో పెట్టుకునేదాన్ని కాదు. సారు మాత్రం మా రాతలు పొడిగా ఉన్నాయని బాధపడేవారు. “తడి కావాలమ్మా, తడి. కోర్ అంటే బతుకుదెరువు. ఎలెక్టివ్ అంటే బతుకు.” ఈ మాటలను ఆ మంగళవారం గ్రూపులో ఎంతమంది పెట్టారో లెక్కపెట్టడం మానేశాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఆయన గొంతు మంచిది. నేను తొమ్మిదిలో ఉండగా ఒక వాన మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయన వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళ్లి, మా పాఠంలో లేని ఒక కథ చదివారు. ఒక ముసలిది తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ గుట్ట ఎక్కే కథ. రుమాలు బల్ల మీదే మరిచిపోయారు. పల్లీలు లేవు. ఏ మాటనూ సాగదీయలేదు, ఏ మాట దగ్గరా ఆగి మా ముఖాలు చూడలేదు. యాభైమందిమి కదలకుండా కూర్చున్నాం. కరెంటు వచ్చి పంకా తిరగగానే ఆయన ఉలిక్కిపడి, మమ్మల్ని చూసి, రుమాలు కోసం తడుముకున్నారు. ఎలా చదవాలో అసలు తెలియని మనిషైతే ఈపాటికి క్షమించి ఉండేదాన్ని. ఆయనకు తెలుసు. తెలిసి కూడా మిగతా రోజులు అలా గడిపారు. అదే నాకు మింగుడుపడదు.

ఎలెక్టివ్ కోరుకునేవాళ్లు పదో తరగతి పరీక్షలు అయ్యాక ‘నా ఇల్లు’ అని ఇంగ్లిషులో ఒక వ్యాసం రాసి ఇవ్వాలి. వాటిలో ఒకదాన్ని సారు తల్లిదండ్రుల సభలో స్వయంగా చదివేవారు. డాక్టర్ల పిల్లలు, వ్యాపారుల పిల్లలు మేడ మీది గులాబీల గురించి, ఊటీ ప్రయాణం గురించి రాశారు. వాటి కింద ‘బాగుంది’ అని ఒక్క మాట రాసి, సంతకం పెట్టి ఆయన చేర్చుకున్నారు. ఆకుపచ్చ సిరా అంతా మా వ్యాసాల మీదే ఖర్చయింది.

నేను నాయిన గురించి రాశాను. దూదిలో పనిచేసేటప్పుడు నాయిన ముక్కుకు తడి తువ్వాల కట్టుకుంటాడు. “ముప్పై ఏండ్ల సంది దూదిల్నే ఉన్న, ఒక్క దగ్గు లేదు” అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. ఆయనకున్న గర్వమల్లా అదే. కొత్త పరుపు కుట్టగానే కొనేవాణ్ని దాని మీద పడుకోబెడతాడు. “పండుకోని చూడు సారూ. లేవబుద్ధైతే నా పేరు మార్చుకుంట.” ఒకసారి తాసీల్దారు ఆఫీసు గుమాస్తా ఒకాయన అలా పడుకుని నిజంగానే నిద్రపోయాడు. నాయిన షట్టరు సగం దించి, ఆయన లేచేదాకా బయట మెట్టు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరినీ నోటి మీద వేలు పెట్టుకుని పంపించాడు. ఇదీ నా వ్యాసం.

సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిపించారు. వేలు నాలుకకు రాసుకుని నా కాగితం తిప్పారు.

“భాష బాగుందమ్మా. కానీ ఇందులో దెబ్బ ఎక్కడుంది?”

“ఏ దెబ్బ సార్?”

“మీ నాన్న పొద్దంతా దూదిల పనిచేస్తడు. దగ్గడా?”

“దగ్గడు సార్. తువ్వాల కట్టుకుంటడు.”

“తువ్వాల తీసెయ్.” తువ్వాల మీద ఆకుపచ్చ గీత పడింది. “ప్రతి కుట్టుకు ముందు మూడుసార్లు దగ్గించు.”

“మూడెందుకు సార్?”

ఆయన నమలడం ఆపి నా వైపు చూశారు. నా అమాయకత్వం ఆయనకు ముచ్చటేసినట్టుంది. “రెండుసార్లు దగ్గితే జలుబమ్మా. మూడోది వస్తేనే సాహిత్యం.”

నిద్రపోయిన గుమాస్తాను కొట్టేశారు. పరుపులు కుట్టే మనిషి ఇంట్లో పరుపు లేదని రాశారు. మా ఇంట్లో మూడు ఉన్నాయి. రాత్రిళ్లు మేము నీళ్లు తాగి పడుకుంటామని రాశారు. చివరికి, నాయిన దగ్గితే నా నోటుపుస్తకం మీద నెత్తుటి చుక్క పడిందనీ, దాన్ని నేను ఓణీ చెంగుతో తుడిచాననీ రాశారు. నేను ఏనాడూ ఓణీ వేసుకోలేదు.

“సార్, ఇది అబద్ధం గదా?”

“దీన్ని కల్పన అంటరమ్మా. ఈ తేడా తెలియకనే మీవాళ్లంతా కోర్‌లో ఉండిపోతున్నరు.” జేబులోంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టారు. కావాలనే పెట్టారో, పల్లీల కోసం జేబు వెతుక్కుంటూ పెట్టారో చెప్పలేను. “నీ చేత్తో సాఫ్‌గా తిరగరాసి సోమవారం తీసుకురా. సీటు నీదే.”

ఆదివారం దుకాణంలో, దూది మూటల మధ్య కూర్చుని తిరగరాశాను. పక్కనే నాయిన తువ్వాల కట్టుకుని పరుపు కుడుతున్నాడు.

“ఏం రాస్తానవ్ బిడ్డా?”

“నీ గురించే నాయినా.”

“గట్లనా! గా తాసీల్దార్ ఆఫీసాయన పండుకున్నది రాసినవా?”

“రాసిన.”

నాయిన నవ్వాడు. ముక్కు మీది తువ్వాల ఉబ్బి, మళ్లీ అణిగింది. అప్పటికి నేను దగ్గు ఉన్న వాక్యం దగ్గర ఉన్నాను. మూడుసార్లు అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

సరిత వాళ్ల నానమ్మ గురించి రాసింది. సారు ఆమెను పత్తిచేను గట్టు మీద, పత్తి ఏరే రోజున చంపేశారు. ఆ నానమ్మ సభ రోజున పరకాల బస్సు దిగి, కొత్త చీర కట్టుకుని, “మా పిల్ల నా మీద రాసిందట” అంటూ వచ్చి ముందు వరుసలో కూర్చుంది. సారు వేదిక మీద నుంచి ఆమెను చూశారు. చేతిలో ఉన్న రెండు వ్యాసాల్లో ఒకదాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశారు. అలా నాది చదవడానికి మిగిలింది.

ముందు రుమాలు వచ్చింది. తర్వాత గద్గదస్వరం. దగ్గు వచ్చినచోట ఆయనే దగ్గారు. ఒకటి. రెండు. ఆగి, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, మూడోది. ఆ మూడోదానికి తల్లులు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. నాయినకు ఇంగ్లిషు రాదు. ఆ దగ్గును గుమాస్తా గురక అనుకుని నాయిన పైకే నవ్వాడు. అందరూ వెనక్కి తిరిగి తనను చూస్తుంటే మరింత నవ్వాడు. అయిపోగానే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టి, పక్కనున్న ఆవిడతో “నా బిడ్డనే రాసింది, నా బిడ్డనే” అన్నాడు. ఆవిడ ఆయన చేతిని తాకింది.

సారు ఆయనను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. రెండు వ్యాసాలకూ ముందే అద్దంతో ఫ్రేములు కట్టించి ఉంచారు, వాటిలో నాది నాయిన చేతికి ఇచ్చారు. నాయిన భుజాల మీద ఎప్పుడూ ఉండే దూది నూగు సారు చేతులకు అంటింది. నేను వేదిక పక్క మెట్ల మీద నిలబడి ఉన్నాను గనుక నాకు కనిపించింది. సారు తెర వైపు తిరిగి, రుమాలుతో ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకున్నారు. తర్వాత అదే రుమాలును కళ్లకు అద్దుకుంటూ సభ వైపు తిరిగారు.

ఆటోలో ఇంటికి వస్తూ నాయిన ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని అరచేత్తో అద్దం తుడుస్తూ కూర్చున్నాడు.

“గది నవ్వే ముచ్చట గదా బిడ్డా. అందరు గట్ల ఏడ్సవట్టిరి, ఎందుకు?”

“సంతోషానికి నాయినా.”

మరునాడు బడికి వెళ్లి దరఖాస్తులో ఎలెక్టివ్ అన్నచోట అడ్డగీత గీసి, కోర్ అని రాశాను. ఆఫీసు మేడం ఆ కాగితాన్ని సారు దగ్గరికే పంపారు.

“ఏందమ్మా ఇది? సోయి ఉండే చేసినవా?”

“ఆలోచించే చేసిన సార్.”

“కోర్ చదివి ఏం చేస్తవ్? జీవితమంతా దరఖాస్తులు రాసుకుంట కూర్చుంటవ్.”

“కూర్చుంట సార్.”

“మీతో ఇదే వస్తది. పైకి గుంజుదామంటే మీరే చెయ్యి విడిపించుకుంటరు. ఆ వ్యాసంల నీదేమున్నదమ్మా? దగ్గు నాది, పస్తులు నావి, నెత్తురు నాది. నీ దగ్గర ఏముండె? ఒక నిద్రపోయిన గుమాస్తా!”

హేళనగానే అన్నారు. నా దగ్గర ఉన్నది నిజంగా అదొక్కటేననీ, దాన్ని ఆయన కొట్టేస్తుంటే చూస్తూ ఊరుకున్నాననీ అప్పుడు అర్థమైంది. నమస్కారం చేసి వచ్చేశాను. మెట్లు దిగేటప్పుడు ఆ గది కిటికీ వైపు చూడలేదు. చూడకుండా దిగడానికి మెట్ల పక్క కమ్మీ పట్టుకోవలసి వచ్చింది.

సరిత ఎలెక్టివ్‌లో చేరింది. నేను రెండేళ్లు నోటీసులు, ఫిర్యాదు లేఖలు, నివేదికలు రాశాను. వాటి మీద నాకు గౌరవం కలిగింది. నోటీసులో ఎవరూ లేని దగ్గు దగ్గరు. ఇక సారు నా వ్యాసాన్ని జిరాక్స్ తీయించి, తర్వాతి తరగతివాళ్లకు నమూనాగా పంచారు. ఆ ఏడు సభలో ఆటో నడిపే తండ్రి దగ్గాడు. మరుసటి ఏడు ధాన్యం మార్కెట్లో హమాలీ పని చేసే తండ్రి దగ్గాడు. అందరూ మూడేసిసార్లే.

తర్వాత డిగ్రీ పూర్తి చేశాను. ఇప్పుడు ఒక కార్యాలయంలో ఉత్తరాల పని చూస్తున్నాను. సారు అన్నట్టు దరఖాస్తులే రాస్తున్నాను. ఆ బీరువాలో చూసిన పేర్లను గుర్తుపెట్టుకుని, గ్రంథాలయంలో దొరికినవి దొరికినట్టు చదువుకున్నాను. కొన్ని దొరకలేదు. దొరికినవి చదివాక వాటి గురించి మాట్లాడటానికి గుండ్రటి బల్ల లేదు. ఆ కుర్చీ వదులుకున్నది నాయిన మర్యాద కోసమని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

అయితే ఆ ఫ్రేము మాత్రం దుకాణం గోడకు, గల్లాపెట్టె పైన, ఇన్నేళ్లూ వేలాడుతూనే ఉంది. తీసేయమంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేక, దుకాణానికి వెళ్లినప్పుడల్లా దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని. సారు పోయిన వారం, ఆదివారం నాడు, చెప్పేయాలని వెళ్లాను. నాయిన తువ్వాల కట్టుకుని కుడుతున్నాడు.

“నాయినా, ఆ ఫ్రేము తీసేద్దాం.”

“ఎందుకే? సారు పోయిండనా?”

“అందుల ఉన్నది మన ముచ్చట కాదు నాయినా. నీకు దగ్గున్నదని ఉన్నది. మనం పస్తులున్నమని ఉన్నది.”

నాయిన దారం పట్టుకుని, తువ్వాల కొంచెం జరిపి, పంటితో తెంపాడు. “నాకెరుకనే.”

“ఎప్పటిసంది?”

“నువ్వు డిగ్రీల ఉన్నప్పటిసంది. ఇంజనీరింగ్ కాలేజీ పిలగాడొకడు పరుపు కొననీకి వచ్చిండు. గది చదివి కండ్లల్ల నీళ్లు వెట్టుకోని, ‘అంకుల్, ఇప్పుడు దగ్గెట్లున్నది, దవాఖానకు పోయినవా?’ అన్నడు. ఏం దగ్గురా నాయినా అంటే, మొత్తం తెలుగుల చెప్పిండు.”

నేను ఫ్రేము వైపు తిరిగి చూశాను.

“సారు రాసిండా, నువ్వు రాసినవా?”

“సారు రాసిండు. నేను సాఫ్‌గ తిరగరాసిన.”

“అనుకున్న. రాత నీదే గదా.” నాలుగు కుట్లు వేశాడు. “మొదలు మస్తు కోపమొచ్చింది బిడ్డా. తీసి దూదిమూటల ఎనుక వడేసిన. వారం దినాలకు మల్ల తీసి వెట్టిన.”

“ఎందుకు?”

“గా పిలగాడు బేరమాడలేదు.”

ఆ మాట అన్నాక నాయిన నా వైపు చూడలేదు. సూదిలో కొత్త దారం ఎక్కిస్తూ అన్నాడు. “ఫోం పరుపులొచ్చినంక, పండుకోని చూడు సారూ అంటే ఎవడు పండుకుంటాండు? నా మాట నడుస్తలేదు. నీ కాయితం నడుస్తాంది. చదువుకున్నోళ్లు వస్తే గది చదువుతాండ్రు, జర మెత్తవడుతాండ్రు. నువ్వేం ఫికర్ వెట్టుకోకు.”

అంతలో దుకాణం ముందు స్కూటర్ ఆగింది. కొత్తగా పెళ్లయినవాళ్లలా ఉన్నారు. అతను పరుపుల ధర అడిగి, చాలా ఎక్కువన్నాడు. ఆమె గోడ మీది ఫ్రేము వైపు నడిచింది.

నాయిన ఆమెను చూశాడు. ముక్కుకున్న తువ్వాల విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒకసారి దగ్గాడు. రెండోసారి దగ్గాడు. ఆగాడు. ఆమె చదువుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె ఏ వాక్యం దగ్గర ఉందో ఆ పెదవులను బట్టి నాకు తెలుస్తూనే ఉంది. ఆమె తల తిప్పి నాయిన వైపు చూసేదాకా, నాయినా నేనూ ఇద్దరమూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశాం.

మూడోది సరిగ్గా సమయానికి వచ్చింది.